గుండె పంపుల మీద పనిచేయాలంటే మెకానికల్ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. గుండెపోటు వచ్చిన మా బావగారికి తొడ రక్తనాళం గుండా చిన్న పంపు పంపించి కాపాడారు. అప్పటి నుంచి అలాంటి పరికరాల మీదే పనిచేస్తానంటోంది. తప్పు బ్రాంచిలో చేర్పించామా?

జవాబు: లేదండీ. ఈ పంపు పుట్టుకలోనే మెకానికల్ ఉంది. రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికన్ వైద్యుడు 1976లో ఈజిప్టు వెళ్లినప్పుడు, పల్లె జనం ఆర్కిమెడీస్ మరతో (గొట్టంలో తిరుగుతూ నీటిని పైకి నెట్టే మెలిక మర) నీళ్లు గట్టు మీదికి తోడుకోవడం చూసి, రక్తాన్నీ ఇలాగే తోడవచ్చునని ఆలోచించారు. ఆ ఆలోచన ఫలితమైన హీమోపంప్ అనే గుండె పంపును 1988లో హ్యూస్టన్‌లో తొలిసారి రోగికి అమర్చారు. దాని మోటారు శరీరం బయటే ఉండేది. తరువాత జర్మనీలోని ఆకెన్ నగరంలో రూపుదిద్దుకున్న ఇంపెల్లా అనే పంపులో మోటారును సైతం క్యాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) కొసకే చేర్చారు.

బహుశా మీ బావగారికి అమర్చింది ఈ కోవలోనిదే. ఇంపెల్లా సీపీ అనే రకంలో పంపు భాగం మందం 5 మిల్లీమీటర్లకు లోపే; అది బృహద్ధమని కవాటం గుండా నిలిచి, ఎడమ జఠరికలోని (గుండె ఎడమ కింది గది) రక్తాన్ని లాగి, నిమిషానికి 3 లీటర్లకు పైగా ధమనిలోకి వదలగలదు. అందుకోసం నిమిషానికి 46,000 సార్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలో రెక్కల అంచున రక్తకణాలు చితకకుండా చూడడం, మోటారులోకి రక్తం చొరబడకుండా గ్లూకోజ్ ద్రావణాన్ని ఎదురు ఒత్తిడితో పంపుతుండడం వంటివన్నీ మీ అమ్మాయి చదువుతున్న ఫ్లూయిడ్ మెకానిక్స్, టర్బో మెషినరీ, బేరింగుల పాఠాలకు కొనసాగింపే.

సమస్యలు తీరిపోలేదు కనుకనే కొత్త ఇంజినీర్లకు చోటుంది. 2024లో వెలువడిన డేంజర్ షాక్ పరిశోధనలో, తీవ్రమైన గుండెపోటుతో షాక్‌లోకి (గుండె శరీరానికి చాలినంత రక్తం పంపలేని స్థితి) వెళ్లిన రోగులలో 180 రోజుల నాటికి మరణాలు మామూలు చికిత్సలో 58.5 శాతం కాగా, ఈ పంపు తోడైనప్పుడు 45.8 శాతానికి తగ్గాయి. అయితే రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం వంటి చిక్కులు పెరిగాయి.

కాబట్టి బీటెక్ పూర్తి చేయించండి. మిగిలిన ఏడాదిలో సీఎఫ్‌డీ (ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి) మీద ప్రాజెక్టు చేసి, శరీరధర్మశాస్త్రం సొంతంగా చదవడం మొదలుపెట్టాలి. ఆపై ఎంటెక్‌కు ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగాన్నీ, ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ ఉమ్మడిగా నడిపే క్లినికల్ ఇంజినీరింగ్‌నూ పరిశీలించండి. ఏ గేట్ పేపర్లను అంగీకరిస్తారో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. నా మొగ్గు రెండోదానివైపే, ఎందుకంటే ఆస్పత్రిలో తిరగని ఇంజినీరుకు కాలికి రక్తం ఆగడమంటే ఏమిటో కాగితం మీదే తెలుస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచను. కేవలం గుండె పంపులే చేస్తానంటే మన దేశంలో అవకాశాలు బహు తక్కువ. స్టెంట్లు, కవాటాలు, క్యాథెటర్లు కూడా కలుపుకొంటే హైదరాబాద్‌లోని వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ కేంద్రం, విశాఖ మెడ్‌టెక్ జోన్ వంటి చోట్ల ప్రయత్నించవచ్చు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే తక్కువ కావచ్చు. ఆ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఈ వేసవి సెలవుల్లో ఏదైనా ఆస్పత్రి బయోమెడికల్ విభాగంలో ఒక నెల ఇంటర్న్‌షిప్‌కు అనుమతి అడగమనండి.