అడవి టమాటాతో సంకరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆకుముడత వైరస్‌ను తట్టుకునే అడవి జాతి సొలానం చిలెన్సీ పుప్పొడిని మా టమాటా పూలకు అద్దాం. కాయలు పండాయి గానీ గింజలన్నీ తాలే. ఎందుకిలా?

జవాబు: ఈ రెండు జాతులు కలిసినప్పుడు ఫలదీకరణ జరిగినా పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదం సగంలోనే చెడిపోతుంది. తిండి లేక పిండం చనిపోతుంది. అందుకే కాయ పండేదాకా ఆగకూడదు. పుప్పొడి అద్దిన 25–35 రోజుల మధ్య పచ్చికాయనే కోసి, పైతోలును 70 శాతం ఆల్కహాల్‌తో శుద్ధిచేసి, గింజపొర చీల్చి, పిండాన్ని ఎంఎస్ (మురాషిగె–స్కూగ్) అనే పోషక మాధ్యమంలో పెంచండి. తొందరపడితే పిండం మరీ చిన్నగా ఉండి నలిగిపోతుంది.

సాగు రకాన్నే తల్లిగా ఉంచండి. తారుమారు చేస్తే అడవి పువ్వు కీలంలోనే టమాటా పుప్పొడి నాళం ఆగిపోతుంది. చిలెన్సీలో ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు కాబట్టి పలు మొక్కల పుప్పొడి కలిపి వాడటం మేలు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలోంచే కేసరాల గొట్టాన్ని పట్టకారుతో తీసేయాలి. రేకులు నిండు పసుపుకు తిరిగాయంటే సొంత పుప్పొడి రాలిపోయి ఉండవచ్చు. ఈ సంకరంలో ఒక కాయ నిండా గట్టి గింజలు దొరికితే మురిసిపోకండి, అవి చాలావరకు సొంత పుప్పొడితో కట్టినవే.

ప్రశ్న: బ్యాక్‌క్రాస్ చేస్తూ (సంకర మొక్కను మళ్లీ మళ్లీ సాగు రకంతో కలుపుతూ), ముడత కనబడని మొక్కలనే ఎంచుకుంటూ వచ్చాం. తర్వాతి తరంలో అన్నిటికీ రోగం వచ్చింది.

జవాబు: మీరు ఎంచినవి తట్టుకున్న మొక్కలు కావు, వైరస్‌ను మోసే తెల్లదోమ వాలక తప్పించుకున్నవి. రోగపు మొక్కపై 48 గంటలు ఉంచిన దోమలను వలపంజరంలో నారుమీదికి వదలండి. పక్కనే రోగానికి లొంగే రకం కూడా ఉండాలి. దానిలో ఒక్క మొక్క పచ్చగా మిగిలినా ఆ పరీక్షను నమ్మవద్దు. చిలెన్సీ నుంచి వచ్చే, ఆకుముడతను తట్టుకునే టై-1 జన్యువును పట్టిచ్చే డీఎన్‌ఏ మార్కర్లు (గుర్తులు) ఉన్నాయి, వీలైతే వాటితోనే ఎంచండి. ప్రతి బ్యాక్‌క్రాస్‌లోనూ సగం మొక్కలకే జన్యువు అందుతుంది. 7 మొక్కలు పరీక్షిస్తే కనీసం ఒకదానిలో అది ఉండే అవకాశం 99 శాతం పైనే.

అసలు కష్టం వేరే ఉంది. మూడు బ్యాక్‌క్రాస్‌లకు సగటున 93.75 శాతం మీ రకమే తిరిగి వచ్చినా, టై-1ను అంటుకున్న అడవి జాతి క్రోమోజోమ్ ముక్క కదలదు. అక్కడ క్రోమోజోమ్ భాగం తలకిందులై ఉండటంతో రెండు జాతుల క్రోమోజోమ్‌ల మధ్య ముక్కల మార్పిడి చాలా అరుదు. వందల మొక్కలు వడపోయక తప్పదు.

ప్రశ్న: టై-1 ఉంటే మిగతా వైరస్‌లూ ఆగుతాయా?

జవాబు: ఆగవు. మచ్చల వడలు తెగులు వైరస్‌కు ఎస్‌డబ్ల్యూ-5 అనే వేరే జన్యువు కావాలి. దోసకాయ మొజాయిక్ వైరస్ తోడైతే టై-1 పట్టు కూడా సడలుతుంది.