వింబుల్డన్‌కి డ్రైవర్‌తో కారు మాట్లాడుకుని వెళ్లడం దర్జాయా, దండగా?

ప్రశ్న ఇది: "వచ్చే వేసవిలో అమ్మానాన్నలు లండన్ వస్తున్నారు. లాటరీలో వింబుల్డన్ టెన్నిస్ టికెట్లు తగిలాయి. రోజంతా డ్రైవర్‌తో మంచి కారు పెట్టుకుని తీసుకెళ్దామనుకుంటున్నాను. పెట్టిన డబ్బుకి తగ్గట్టుంటుందా?"

ముందే చెప్పేస్తాను. వెళ్లేటప్పుడు రైలెక్కండి. వచ్చేటప్పుడు కారు పెట్టుకోండి. రోజంతా కారు మాత్రం వద్దు. ఈ మాటకి ఎవరెంత వాదించినా నేను ఒప్పుకోను.

మేముండేది లండన్ పడమటి శివారు హౌన్స్‌లోలో. జూన్ వచ్చిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఈ కారు సంగతి ఎత్తుతారు. వాళ్ల తప్పేం లేదు. కార్ల కంపెనీలు 'వింబుల్డన్ ప్యాకేజీ' అని పెట్టే ఫొటోలు అలా ఉంటాయి. నల్ల మెర్సిడెస్, సూటూ టైతో డ్రైవరు, వెనక సీట్లో షాంపేన్ గ్లాసు, పక్కనే పచ్చటి తీగలల్లుకున్న గోడ. చూసినవాళ్లకి కారు నేరుగా సెంటర్ కోర్టు, అంటే ప్రధాన కోర్టు, మెట్ల దగ్గర ఆగుతుందనిపిస్తుంది. ఆగదు. పోటీలు జరిగే క్లబ్బు ఉన్నది చర్చ్ రోడ్ మీద. ఆ రెండు వారాలూ ఆ చుట్టుపక్కలంతా ట్రాఫిక్ ఆంక్షలే. పక్క వీధుల్లో పార్కింగ్ అక్కడ ఇళ్లున్నవాళ్లకే, పర్మిట్ ఉండాలి. టోర్నమెంటు పార్కింగ్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. డ్రైవరు ఎంత ఖరీదైన సూటు వేసుకున్నా పార్కింగ్ వార్డెన్‌కి లెక్కలేదు.

2025లో మా మామగారు వచ్చారు. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సాయంత్రమైతే ఆఫీసర్స్ క్లబ్బులో మట్టి కోర్టు మీద టెన్నిస్ ఆడేవారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. మా అదృష్టం కొద్దీ నంబర్ వన్ కోర్టుకి (సెంటర్ కోర్టు తర్వాత పెద్దది అదే), అదీ తొలి రోజుకి, జూన్ 30కి టికెట్లు వచ్చాయి. ఈ మాట విని అట్లాంటాలో ఉన్న మా బావమరిది ఉత్సాహపడిపోయాడు. "నాన్నని రైల్లో తోసుకుంటూ తీసుకెళ్తారా బావా?" అని ఫోన్లో ఒక క్లాసు పీకి, అక్కణ్నించే కార్డు గీకి రోజంతా కారు బుక్ చేసేశాడు. డబ్బు అతనిది, నేనేమంటాను?

పదిన్నరకల్లా కారు గుమ్మం ముందుంది. డ్రైవరు యాభై దాటిన పంజాబీ పెద్దమనిషి. ఆ ఎండలో కూడా టై వదులు చేయలేదు. దిగొచ్చి వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మామగారు ఆయనకి నమస్కారం పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి, ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. ఆయనకి అదే అలవాటు. డిపార్టుమెంటు జీపులో ముప్పై ఏళ్లు ఆ సీట్లోనే తిరిగారు. పాపం ఆ డ్రైవరు తెరిచిన తలుపు పట్టుకుని నావైపు చూస్తున్నాడు, నేను మా ఆవిడ వైపు చూస్తున్నాను. చివరికి ఆ వెనక సీట్లో రాజాలా కూర్చున్నది నేను.

బండి రిచ్‌మండ్ దాటేదాకా బాగానే సాగింది. ముందు సీట్లో ఇద్దరూ హిందీలో కబుర్లలో పడ్డారు. మామగారు 2015 సానియా ఫైనల్ సంగతి మొదలుపెట్టారు. మన హైదరాబాద్ పిల్ల, స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి డబుల్స్ ఫైనల్ ఆడుతోంది. మొదటి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది, మూడో సెట్ 5-5 దగ్గర చీకటి పడిందని ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు. లైట్లేసి మళ్లీ మొదలుపెడితే రెండు గేములూ గెలిచి కప్పు కొట్టేసింది. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. మా అత్తగారు కేకలు విని దొంగలు పడ్డారనుకున్నారట. డ్రైవరు వదల్లేదు. "ఆ మర్నాడే పేస్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు, అదీ హింగిస్‌తోనే. సుమిత్ నాగల్ జూనియర్ డబుల్స్ గెలిచాడు" అని గడగడా చెప్పాడు. ఒకే వారాంతంలో మూడు వింబుల్డన్ కప్పులు! మన టీవీ చానెళ్లకి ఇవేవీ గుర్తుండవు. క్రికెట్‌లో ఎవడు ఏ హోటల్లో దిగాడో మాత్రం రోజుకి పదిసార్లు చెబుతారు.

రోహాంప్టన్ దగ్గర కథ అడ్డం తిరిగింది. అక్కణ్నించి పార్క్‌సైడ్ దాకా కార్లు చీమల బారు. ఆ రోజు ఎండ 32 డిగ్రీలు దాటింది. వింబుల్డన్ ఏ ఏడూ తొలి రోజున ఇంత ఎండ లేదని తర్వాత వార్తల్లో చెప్పారు. కాబట్టి కారులో ఏసీ హాయిగా ఉన్నమాట నిజం. పొద్దుటి ప్రయాణంలో బావమరిది డబ్బుకి దక్కిన సుఖం అదొక్కటే. నంబర్ వన్ కోర్టులో ఆట మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలవుతుంది. పన్నెండున్నరకి మేమింకా వింబుల్డన్ కామన్ అనే పెద్ద మైదానం పక్కన ఒక ట్రక్కు వెనక నిలబడి ఉన్నాం. అప్పుడు డ్రైవరే నిజాయితీగా చెప్పాడు: "సర్, ఇక్కడ దిగి మారియట్ రోడ్డు పట్టుకుని దిగిపోతే త్వరగా చేరతారు. నాతోపాటు కూర్చుంటే మొదటి సెట్ పోతుంది." దిగాం, నడిచాం. బ్యాగుల చెకింగ్ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. లోపలికెళ్లినా గేము మధ్యలో సీట్లలోకి వదలరు, ఆటగాళ్లు వైపులు మారేదాకా ఆగాలి. మా కోర్టులో మొదటి మ్యాచ్ ఆడుతున్న అరీనా సబలెంకా తొలి గేములు మాకు చప్పట్లుగా మాత్రమే వినిపించాయి.

అదే రైల్లో అయితే? హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైన్‌లో ఎర్ల్స్ కోర్ట్, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ మారి సౌత్‌ఫీల్డ్స్. బోర్డు మీద 'వింబుల్డన్' అని ఉన్న బండే ఎక్కాలి, లేకపోతే రిచ్‌మండ్‌లోనో ఈలింగ్‌లోనో తేలతారు. పికడిల్లీ పాత బండ్లలో ఏసీ లేదు, ఉడుకుతుంది. డిస్ట్రిక్ట్‌లో ఉంది. సౌత్‌ఫీల్డ్స్‌లో లిఫ్ట్ ఉంది, అక్కణ్నించి పావుగంట నడక. వింబుల్డన్ అనే పేరుతో స్టేషన్ వేరే ఉంది కానీ అక్కణ్నించి నడక ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లుంటే ఆ స్టేషన్ బయట నుంచి ఆ రోజుల్లో నడిపే బస్సులు, షేర్ ట్యాక్సీలు ఉంటాయి. రైలు టికెట్టు తలకి ఐదు పౌండ్లు కూడా కాదు. పొద్దున అందరి ఒంట్లోనూ ఓపిక ఉంటుంది, ఆ ఓపికని వాడుకోండి.

లోపల సంగతులు మీరడగలేదు కానీ ఒకటి చెప్పాలి. లైన్ జడ్జిలని తీసేశారు. 2025 నుంచి బంతి లోపల పడిందా బయట పడిందా అన్నది మొత్తం కెమెరాలే తేలుస్తున్నాయి. చారల చొక్కాలేసుకుని, వంగి, చేయి చాపి "అవుట్" అని అరిచే ఆ మనుషులు లేకపోతే కోర్టు బోసిగా ఉంది. ఇప్పుడు రికార్డు చేసిన గొంతు అరుస్తుంది. మామగారు "ఇంజినీరుని, నేనే చెబుతున్నా, ఇది బాగాలేదు" అన్నారు. అక్కడ అందరూ కొనుక్కు తినే స్ట్రాబెర్రీల ధర కూడా 2010 నుంచి కదలకుండా 2.50 పౌండ్లుండి సరిగ్గా మేం వెళ్లిన ఏడే 2.70 అయింది. ఇరవై పెన్నీలకి బాధ లేదు, ముహూర్తానికే బాధ.

ఇక రాత్రి. మా కోర్టులో చివరి మ్యాచ్ అమెరికన్ టేలర్ ఫ్రిట్జ్‌కీ ఫ్రెంచి కుర్రాడు ఎంపెట్షి పెరికార్‌కీ. ఆ కుర్రాడు మొదటి పాయింట్‌లోనే గంటకి 153 మైళ్ల సర్వ్ కొట్టాడు, వింబుల్డన్ రికార్డు. ఫ్రిట్జ్ దాన్ని తిప్పికొట్టి పాయింటు లాగేసుకున్నాడు. మామగారు సీట్లోంచి లేచి నిలబడ్డారు. చెరి రెండు సెట్లు అయ్యాయి, పది దాటింది. అక్కడ రాత్రి పదకొండు తర్వాత ఆడకూడదు. 2009లో సెంటర్ కోర్టుకీ, 2019లో నంబర్ వన్‌కీ పైకప్పు వేశాక వాన, చీకటి సమస్య పోయింది కానీ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కోసం స్థానిక కౌన్సిల్ పెట్టిన ఆ నిబంధన పోలేదు. ఐదో సెట్ పదకొండులోపు అవ్వదేమోనని ఆట రేపటికి వాయిదా వేశారు. ఫ్రిట్జ్ ఆడదామని గొడవపడ్డాడు, మామగారు కూడా ఇక్కణ్నించి తెలుగులో గొడవపడ్డారు. ఫలితం లేదు.

వేలమంది ఒక్కసారి బయటపడ్డారు. నా ఫోన్లో ఛార్జి చివరికొచ్చింది. యాప్‌లో ఊరికే క్యాబ్ ధర చూస్తే పొద్దుటికీ ఇప్పటికీ పొంతన లేదు. సౌత్‌ఫీల్డ్స్ వైపు జనం, వింబుల్డన్ విలేజ్ వైపు జనం. కారు పొద్దున దిగిన చోటే ఉంటుందనుకున్నాం, కాబట్టి పొద్దున హాయిగా దిగొచ్చిన మారియట్ రోడ్డు ఇప్పుడు ఎక్కాలి. విలేజ్ గుట్ట మీదుంది, క్లబ్బు పల్లంలో ఉంది. ఈ ముక్క ఏ ప్యాకేజీలోనూ రాయరు. నాలుగడుగులు వేశాక మామగారు ఎవరిదో కోట్ల ఖరీదు చేసే ఇంటి ప్రహరీ మీద కూలబడి, "అల్లుడుగారూ, మీరు పదండి, నేను పొద్దున్నే వస్తా" అన్నారు.

డ్రైవరుకి ఫోన్ చేశాను. ఆయన ఒకే మాటన్నాడు: "గుట్ట ఎక్కకండి. వెనక్కి తిరిగి పార్కు పక్కనుంచి సౌత్‌ఫీల్డ్స్ వైపు నడవండి, అంతా చదునే. స్టేషన్ దాటి ఎడమ చేతి వైపు అగస్టస్ రోడ్డులోకి రండి." మెల్లగా నడిచాం. జనమంతా స్టేషన్లోకి తిరిగిపోతుంటే మేం దాటి పక్కకి తిరిగాం. ఖాళీ వీధి. కారు లైట్లు వెలిగించుకుని సిద్ధంగా ఉంది. మామగారు మళ్లీ ముందు సీట్లోనే ఎక్కారు. ఈసారి డ్రైవరు ఆ తలుపే తీసి పట్టుకున్నాడు. సంచిలోంచి చేగోడీలు తీసి ఇస్తే, కారులో తినడం కంపెనీ రూల్సుకి విరుద్ధమని రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాడు.

అందుకే అంటున్నాను, డబ్బు పెడితే రాత్రికి పెట్టండి. పగలంతా ఆ కారు ఎక్కడో దూరంగా నిలబడి మీటరు తిప్పుతూనే ఉంటుంది. మాకు గంటకి 60 పౌండ్ల పైన పడింది, ఆ మీద 20 శాతం వ్యాట్. మొత్తం తొమ్మిది వందలు దాటింది. మామగారు దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, కొడుక్కి ఫోన్ చేసి ఏమన్నారో ఇక్కడ రాయను.

బుక్ చేసేముందు కంపెనీవాళ్లని షాంపేన్ గురించి కాదు, "రాత్రి పదిన్నరకి మమ్మల్ని సరిగ్గా ఏ వీధిలో ఎక్కించుకుంటారు?" అని అడగండి. వీధి పేరు చెప్పలేకపోతే వేరేవాళ్లని చూసుకోండి. ఆట ఆలస్యమైతే అదనంగా ఎంతో రాసివ్వమనండి. బిల్లులో కంజెషన్ ఛార్జి (లండన్ నడిబొడ్డుకొచ్చే బండ్లకి వేసే రుసుము) వేస్తే నిలదీయండి, వింబుల్డన్ ఆ జోన్‌లో లేదు. లండన్ బండికైతే అద్దం మీద లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ ఇచ్చే లైసెన్సు బిళ్ల ఉండాలి, డ్రైవరు దగ్గర ఫొటో బ్యాడ్జి ఉండాలి. రోడ్డు మీద "ట్యాక్సీ, ట్యాక్సీ" అంటూ వచ్చేవాళ్ల బండెక్కొద్దు. చెయ్యెత్తి ఆపి ఎక్కే హక్కు లండన్ నల్ల ట్యాక్సీ బ్లాక్ క్యాబ్‌కే ఉంది, మిగతావన్నీ ముందే బుక్ చేసుకోవాల్సినవే. నాన్నగారికి వీల్‌చైర్ అవసరమయ్యేట్టుంటే ఇదంతా పక్కనపెట్టి ముందుగానే క్లబ్బుకే రాయండి.

అమ్మగారు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇది కూడా: పులిహోర లోపలికి తీసుకెళ్లొచ్చు. తిండి తెచ్చుకుంటే వింబుల్డన్‌లో అభ్యంతరం లేదు. మనిషికి ఒక్క చిన్న బ్యాగే, గట్టి పెట్టెల్లాంటివి, కూలర్ బాక్సులు వద్దంటారు. మెత్తటి సంచిలో పెట్టుకుపొండి.