మొదటి ఆఫ్రికా వేటకు ఏ రైఫిల్, ఏ తూటా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, మా టీమ్‌లో ఇద్దరు అమెరికన్లు వచ్చే జూన్‌లో దక్షిణాఫ్రికాలోని లింపోపోకి వేటకు వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. కూడూ, ఇంపాలా, బ్లూ వైల్డ్‌బీస్ట్, మూడూ దుప్పి లాంటి జంతువులే, కలిపి ఒకే ప్యాకేజీ. నేను ఇంతవరకు రేంజ్‌లో కాగితం మీద తప్ప దేని మీదా కాల్చలేదు. షాపులో ఆయన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (మామూలు దానికంటే మందు ఎక్కువ పట్టే తూటా) రైఫిల్ తీసుకోమంటున్నాడు. తీసుకోనా?"

వద్దు తమ్ముడూ. ఎందుకు వద్దో తర్వాత చెప్తాను. నువ్వు రాయని సంగతి ఒకటుంది, ముందు అది తేలాలి. నీకు గ్రీన్‌కార్డు వచ్చిందా, ఇంకా హెచ్1బీ మీదే ఉన్నావా?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని కొన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ లైసెన్స్ గడువు దాటిన మర్నాడు నీ ఇంట్లో ఉన్న రైఫిల్ సంగతేమిటో ఆలోచించు. పదేళ్లు క్యూలో నిలబడి తెచ్చుకోబోయే కార్డును ఒక సరదా కోసం పణంగా పెట్టకు. హెచ్1బీ అయితే ఇక్కడ ఏమీ కొనకుండా, అక్కడ వేట ఏర్పాట్లు చేసే అవుట్‌ఫిట్టర్ దగ్గరే రైఫిల్ అద్దెకు తీసుకో. తూటాలూ వాళ్లే ఇస్తారు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. మిగతాది గ్రీన్‌కార్డు ఉందనుకునే రాస్తున్నాను.

నీకు చెప్పినట్టే నాకూ ఒక షాపాయన మాగ్నమ్ అంటగట్టాడు. "ఆఫ్రికా జంతువులు మొండివి, చిన్న తుపాకీకి పడవు" అన్నాడు. బల్ల మీద పెట్టి ఇరవై తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. నాకు తెలియకుండానే ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకోవడం మొదలైంది. దాన్ని ఉలికిపాటు అంటారు, ఒకసారి పట్టుకుంటే వదలడం కష్టం. లింపోపోలో మొదటి వైల్డ్‌బీస్ట్ తొంభై మీటర్ల దూరంలో అడ్డంగా నిలబడింది. మా ఊరి పిల్లవాడు కూడా రాయి వేసి కొట్టగలిగేలా ఉంది. నేను ఉలికిపడ్డాను, గుండు వెనక్కి పోయి పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. జాడలు పట్టే ట్రాకర్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిపోచల మీద రక్తపు చుక్కలు చూపిస్తూ ముందుకు నడిచాడు, చివరికి అవీ ఆగిపోయాయి. జంతువు దొరకలేదు. డబ్బు మాత్రం పూర్తిగా కట్టాను. అక్కడ రక్తం చుక్క కనిపించిందంటే వేట నీ లెక్కలో పడినట్టే. డబ్బు పోతే పోయింది, ఆ రాత్రి ముద్ద దిగలేదు.

అందుకే వద్దన్నాను. అదే బరువున్న రైఫిల్లో .30-06 కంటే .300 మాగ్నమ్ సుమారు మూడోవంతు ఎక్కువగా భుజాన్ని తన్నుతుంది. ఆ ఎక్కువ బలం నీకు పనికొచ్చేది మూడు వందల మీటర్ల అవతల. లింపోపో పొదల్లో నువ్వు కాల్చేది యాభై నుంచి నూట యాభై మీటర్ల లోపే. కరూ, కలహారీ లాంటి బయలు నేలల్లో స్ప్రింగ్‌బాక్ అనే చిన్న జింక వేటకు వెళ్తే అది వేరే సంగతి.

1906లో వచ్చిన .30-06, థర్టీ-ఆట్-సిక్స్ అంటారు, నీ మూడు జంతువులకూ సరిపోతుంది. .308 విన్‌చెస్టర్ దానికి తమ్ముడు, ఇంకొంచెం తక్కువ తన్నుతుంది, అదైనా పర్వాలేదు. .270 కూడా మంచిదే. .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ గేదె లాంటి పెద్దవాటికి, దాని జోలికి నువ్వు వెళ్లక్కర్లేదు. నమీబియాలో కూడూ, వైల్డ్‌బీస్ట్, ఓరిక్స్‌లకు చట్టం అడిగే కనీస శక్తి 2,700 జౌల్స్. 180 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే లెక్క ఇది) థర్టీ-ఆట్-సిక్స్ గుండు గొట్టం నుంచి బయటికి వచ్చేటప్పుడు దాదాపు 3,900 జౌల్స్ ఉంటుంది. ఇంకో లాభమూ ఉంది. సామాను దారిలో తప్పిపోయిందనుకో, .308, .30-06 తూటాలు క్యాంపులోనే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయి. కొత్తగా వచ్చిన ఫ్యాన్సీ క్యాలిబర్ అయితే దిక్కులు చూడాలి.

రైఫిల్ బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగేది, ఉండాలి, సెమీ ఆటోమేటిక్ ఊసే ఎత్తకు. తన్నుడు తగ్గుతుందని గొట్టం చివర మజిల్ బ్రేక్ పెట్టించుకోవద్దు. పక్కన నిలబడే ట్రాకర్ చెవులు గింగురుమంటాయి. అక్కడివాళ్లకు అదంటే చిరాకు, పైకి అనరు, అంతే. స్కోప్ మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచేది చాలు. పొదల్లో మూడు దగ్గరే పెట్టుకుని నడువు. తొమ్మిదిలో పెట్టి చూస్తే జంతువు బదులు బొచ్చు కనిపిస్తుంది.

మనవాళ్లు గంటలు గంటలు క్యాలిబర్ గురించి మాట్లాడతారు, గుండు గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడరు. అసలు పని చేసేది తూటా ముందు భాగంలో ఉండే ఆ గుండే. ఇక్కడి వైట్‌టెయిల్ జింక కోసం చేసిన మామూలు మెత్తటి గుండు రాగి తొడుగులో సీసం పోసి చేసింది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని ముక్కలవుతుంది. అరవై కిలోల జింకకు అది చాలు. రెండున్నర వందల కిలోల కూడూ (మనం తినే కూడు కాదు, మెలితిరిగిన కొమ్ములున్న పెద్ద దుప్పి అనుకో) భుజపుటెముక మీద తగిలితే అక్కడే చితికిపోవచ్చు, గుండెదాకా చేరదు. వేగం ఎంత పెరిగితే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది, అంటే మాగ్నమ్‌లో చౌక గుండు అన్నిటికంటే చెడ్డ జోడీ. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయనకు కెనడాలో మూస్ వేటలో ఇదే ఎదురైంది, గుండ్లు పైపైనే పగిలిపోయాయి. ఇంటికి వచ్చి మధ్యలో అడ్డగోడ ఉన్న గుండు తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. పార్టిషన్ అన్న పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు.

అదైనా తీసుకో, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ అయినా, సీసమే లేకుండా మొత్తం రాగితో చేసే బార్న్స్ టీఎస్ఎక్స్ అయినా తీసుకో. .30-06కి 180 గ్రెయిన్లు, .308కి 165 గ్రెయిన్లు. రాగి గుండు అయితే ఒక మెట్టు తేలికైనది తీసుకున్నా నష్టం లేదు, జంతువు లోపల అది ముక్కలై బరువు పోగొట్టుకోదు. పెట్టె ఖరీదెక్కువని వెనకాడకు. టికెట్టుకీ ప్యాకేజీకీ పెట్టినదాంతో పోలిస్తే అది చిల్లర. కాకపోతే గట్టి గుండు ఇంపాలా లాంటి చిన్నదాన్ని దాటుకుని అవతలికి పోతుంది. వెనక ఇంకొకటి నిలబడి ఉంటే కాల్చకు, రెండింటికీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఎక్కడ కొట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఇక్కడ వైట్‌టెయిల్ వేటగాళ్లు భుజం వెనక జానెడు వదిలి కొట్టమని నేర్పిస్తారు. ఆఫ్రికా జంతువుల గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకు, ఇంకా కిందికి ఉంటాయి. అడ్డంగా నిలబడ్డప్పుడు ముందుకాలు వెనక అంచు వెంట చూపును నిలువుగా పైకి తీసుకెళ్లి, ఒంటి మందంలో కింది నుంచి మూడోవంతు ఎత్తులో ఆపాలి. వైల్డ్‌బీస్ట్‌కు వీపు మీద ఎత్తైన మూపు, జూలు ఉండటంతో కన్ను మోసపోతుంది, మధ్యలో అనుకుని పైన కొడతాం. బొమ్మలు ముందు పెట్టుకుని నెలరోజులు చూడు. కొట్టగానే పడలేదని నిలబడి చూడకు, వెంటనే బోల్ట్ లాగి రెండోది సిద్ధం చేసుకో. వైల్డ్‌బీస్ట్ గుండెలో గుండు పెట్టుకుని కూడా పరుగెత్తుతుంది.

అక్కడ బల్ల ఉండదు. పీహెచ్, అంటే నిన్ను వెంటబెట్టుకు తిరిగే ప్రొఫెషనల్ హంటర్, మూడు కాళ్ల కర్రలు నీ ముందు నిలబెడతాడు, నిలబడి వాటి మీద రైఫిల్ ఆనించి కాల్చాలి. సమయం నాలుగైదు సెకన్లే. ఆ కర్రలు ఇప్పుడే కొనుక్కో. రైఫిల్‌ను బల్ల మీద ఒకసారి సరిచేసుకున్నాక మళ్లీ బల్ల ముట్టుకోకు, వారానికి ఇరవై తూటాలు, అన్నీ కర్రల మీంచే. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో కూడా సాధన చెయ్యొచ్చు, ఖాళీయేనని రెండుసార్లు చూసుకున్నాకే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. బయల్దేరే ముందు రైఫిల్ పట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లి 4457 ఫారం మీద ముద్ర వేయించుకో, దక్షిణాఫ్రికా పోలీసులు రైఫిల్ నీదేనన్న రుజువుగా అదే అడుగుతారు. వాళ్ల ఫారం ఎస్‌ఏపీఎస్ 520. నల్ల ఇంకుతో నింపు, సంతకం మాత్రం అక్కడ ఆఫీసరు ముందే చెయ్యి. అవుట్‌ఫిట్టర్ ఆహ్వాన పత్రం, రిటర్న్ టికెట్ జత చెయ్యి. రైఫిల్‌కు 200 తూటాల దాకా అనుమతి ఉంది కానీ ఎయిర్‌లైన్లు ఐదు కిలోలు దాటనివ్వవు. అరవై తీసుకెళ్తే మిగులుతాయి. అట్లాంటా నుంచో న్యూవార్క్ నుంచో జోహన్నెస్‌బర్గ్‌కు నేరుగా వెళ్లే విమానం ఎక్కు. మధ్యలో దిగితే ఆ దేశం అనుమతి కూడా చూసుకోవాలి, అదో టెన్షన్. ఇంకా భారత పాస్‌పోర్టే అయితే దక్షిణాఫ్రికా వీసా సంగతి ముందే చూసుకో.

కొమ్ములు ఒంగోలు ఇంటికి పంపుదామని నాకూ ఒకప్పుడు ఆశ ఉండేది. ఇండియా వన్యప్రాణి చట్టం, అక్కడి కస్టమ్స్ తలుచుకుని మానుకున్నాను. అమ్మకు అసలు వేట సంగతే చెప్పలేదు. మాంసం అక్కడే ఉండిపోతుంది, క్యాంపులో తింటాం, మిగిలింది ఊళ్లోవాళ్లకు వెళ్తుంది. వాళ్ల బిల్టాంగ్ మన ఉప్పుకండం లాంటిదే, కారం ఒక్కటే తక్కువ.

ఆఫ్రికా కంటే ముందు ఒక్క జంతువు మీదైనా నీ చెయ్యి పడాలి. దానికి దక్షిణ టెక్సస్‌ను మించిన చోటు లేదు. మనం మనుబోతు అంటామే, ఆ నీలగాయిని 1920, 30ల ప్రాంతంలో కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి వదిలారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. చుక్కల దుప్పులు, కృష్ణజింకలు కూడా ఇక్కడ ప్రైవేటు రాంచ్‌లలో వేటాడనిస్తారు. మన రెండు రాష్ట్రాల్లో రాష్ట్ర జంతువులైనవి ఇక్కడ రేటు కార్డు మీద ఉండటం మొదటిసారి చూసినప్పుడు నాకు అదోలా అనిపించింది, ఇప్పటికీ వాటి మీద కాల్చలేదు. మనుబోతు మగది కూడూ అంత బరువుంటుంది, తోలు దళసరి, మొండిది, గుండుకు సరైన పరీక్ష. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ తీసుకో, 1971 సెప్టెంబరు 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి, అంటే నీకూ.

జనవరిలో నేను దక్షిణ టెక్సస్‌లోని కింగ్స్‌విల్ వైపు వెళ్తున్నాను, పికప్‌లో ఒక సీటు ఖాళీ. నీ కార్డు సంగతి ముందు రాయి, ఆ షాపాయనకు ఏ మాటా ఇవ్వకు. నా థర్టీ-ఆట్-సిక్స్, కర్రలు రెండూ తెస్తాను.