ప్లేటు వదలకుండానే మెషిన్ లెర్నింగ్

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. స్పెక్ట్రోస్కోపీ, మెషిన్ లెర్నింగ్ కలిపి సూక్ష్మజీవుల కాలనీలను వడపోసే పరిశోధన నన్ను ఆకట్టుకుంది. గణితం వదిలేసి చాలా కాలమైంది. ఇందులో రాణించాలంటే డేటా సైన్స్‌కు మారిపోవాలా?

జవాబు: వద్దు, మారకండి. ఈ పనికి ప్రోగ్రాము రాయడం ఎంత అవసరమో, కాలనీని చూసి దాని మంచిచెడ్డలు చెప్పగలగడం అంతకంటే ఎక్కువ అవసరం.

ఎంజైమ్‌నో, రంగునో ఎక్కువగా తయారుచేసే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ప్రత్యేక రకం) కోసం వేల కాలనీలను పరీక్షించాల్సి రావచ్చు. ఒక్కోదాన్ని విడిగా పెంచి, ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరంలో కొలుస్తూ పోతే వారాలు గడిచిపోతాయి. లేజర్ కాంతి పడినప్పుడు అణువులు దాన్ని వెదజల్లే తీరును కొలిచే రామన్ స్పెక్ట్రోస్కోపీతో కాలనీ రసాయన స్వరూపం చాలాసార్లు సెకన్లలోనే తెలుస్తుంది. దాని ఫలితం స్పెక్ట్రం అనే గ్రాఫుగా వస్తుంది. అందులో 1004 తరంగసంఖ్య (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే కొలత) దగ్గర సన్నగా, నిటారుగా లేచే శిఖరం ఫినైల్అలనీన్ అనే అమైనో ఆమ్లానిది. 1520 ప్రాంతంలోది కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలది. మిగతావి చాలావరకు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. వాటిని విడదీసి చూడటానికే మెషిన్ లెర్నింగ్.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఒకే ప్లేటు (కాలనీలను పెంచే పళ్లెం) నుంచి తీసిన స్పెక్ట్రాలలో కొన్నిటితో శిక్షణ ఇచ్చి, మిగిలినవాటితో పరీక్షిస్తే మోడల్ అద్భుతంగా కనిపిస్తుంది. అది నేర్చుకున్నది ప్లేటులో పోసిన అగార్ జెల్లీ మందమో, కాలనీల వయసో, ఆ రోజు పరికరం ఉన్న తీరో కావచ్చు. కొత్త ప్లేటు పెట్టగానే బోల్తా పడుతుంది. అందుకే ఒక బ్యాచ్‌ (ఒక విడతలో పెంచి కొలిచిన ప్లేట్లు) మొత్తాన్ని శిక్షణలో కలపకుండా పరీక్ష కోసం పక్కన పెట్టాలి. ఏ పరిశోధన పత్రం చదివినా ముందు ఈ సంగతే వెతకండి. దీన్ని పసిగట్టే చూపు మీ చదువు ఇచ్చిందే.

గణితానికి భయపడకండి. గణాంకశాస్త్రం, మాత్రికల ప్రాథమికాంశాలు, పైథాన్ చాలు. బేస్‌లైన్ సవరణ (స్పెక్ట్రం అడుగున ఉండే అనవసర వంపును తీసేయడం), పీసీఏ (డేటాలోని ప్రధాన తేడాలను కొన్ని అంశాలకు కుదించే పద్ధతి), పీఎల్ఎస్ (స్పెక్ట్రం నుంచి పరిమాణాన్ని అంచనా వేసే పద్ధతి) చేతికి వచ్చాకే న్యూరల్ నెట్‌వర్కుల జోలికి వెళ్లండి. కొన్ని వందల స్పెక్ట్రాలే ఉన్నప్పుడు ఆ నెట్‌వర్కులు నేర్చుకోవడం మాని బట్టీపడతాయి.

ప్రాజెక్టుగా రోడోటోరులా ఈస్ట్ తీసుకోండి. అది కెరోటినాయిడ్లు తయారుచేస్తుంది. వాటిని వెలికితీసి, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో కొలవవచ్చు కాబట్టి మోడల్ చెప్పింది నిజమో కాదో మీరే తేల్చుకోగలరు. రామన్ పరికరం లేకపోతే రసాయనశాస్త్ర విభాగంలో ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో కొలిచే పరికరం) ఉందేమో అడగండి. నీరు పరారుణ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి నమూనాను పలుచగా ఆరబెట్టి పెట్టాలి.

ఉద్యోగాలు ఈ పేరుతో అరుదుగా కనిపిస్తాయి. స్ట్రెయిన్ ఇంజినీరింగ్, బయోప్రాసెస్ విభాగాల్లో వెతకండి. ఆస్పత్రి ల్యాబుల్లో సూక్ష్మజీవులను గుర్తించే పనికి మాల్డీ-టాఫ్ (ప్రోటీన్ల ద్రవ్యరాశిని కొలిచే పద్ధతి) ఇప్పటికే స్థిరపడింది కనుక, నా దృష్టిలో మీకు స్ట్రెయిన్ల అభివృద్ధిలోనే ఎక్కువ చోటుంది. దరఖాస్తుతోపాటు మీ కోడ్, ముడి స్పెక్ట్రాలు, తప్పిపోయిన అంచనాలు కూడా జతచేయండి.