బెయిలు వచ్చినా విడుదల లేదు: కోర్టులు, జైళ్ల పద్దులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా తమ్ముడు దొంగతనం కేసులో రిమాండ్ ఖైదీగా ఉన్నాడు. ఎస్కార్ట్ పోలీసులు లేరని చెప్పి నాలుగు వాయిదాలకు కోర్టుకే తీసుకురాలేదు. తీరా బెయిలు వచ్చాక, ఇరవై వేల చొప్పున ఇద్దరు జామీనుదారులను తేలేక రెండు నెలలుగా లోపలే ఉంటున్నాడు. ములాఖత్‌కు వెళ్లిన ప్రతిసారీ నాకు ఒక రోజు కూలి పోతోంది. హోంశాఖకు వేల కోట్లు కేటాయించారని ఏటా పేపర్లో చదువుతున్నాను. ఆ డబ్బంతా ఏమవుతోంది?
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. బెయిలు ఉత్తర్వు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ విషయాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని, నెల రోజుల్లో పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో పేద ఖైదీల కోసం ఒక ఆర్థిక సహాయ పథకాన్ని ప్రకటించారు. దాని కింద విచారణ ఖైదీ విడుదలకు కావాల్సిన డబ్బును జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేయవచ్చు. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంట్, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఆ కమిటీలో ఉంటారు. అవినీతి, మాదకద్రవ్యాలు, మనీలాండరింగ్, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు ఈ పథకం వర్తించదు. దొంగతనం కేసుకు ఆ అడ్డు లేదు. కేసు నంబరు, బెయిలు ఉత్తర్వు నకలు పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి. నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టమే ఇచ్చింది కనుక, ఎవరి ముందూ తల వంచుకుని అడగాల్సిన పని లేదు.

ఇక డబ్బు మాట. హోంశాఖకు కేటాయించిన మొత్తంలో అత్యధిక భాగం పోలీసు సిబ్బంది జీతభత్యాలకే పోతుంది. బడ్జెట్ పుస్తకాల్లో న్యాయపాలనకు 2014, పోలీసుకు 2055, జైళ్లకు 2056 అనే పద్దు సంఖ్యలు ఉంటాయి. ఇవి సంవత్సరాలు కావు, దేశంలోని అన్ని రాష్ట్రాల లెక్కల్లోనూ వాడే పద్దుల నంబర్లు. మీ తమ్ముడి వాయిదా ఒక్కటే అయినా అది ఈ మూడు పద్దుల మీదుగా నడవాలి. జడ్జిగారి జీతం, బెంచి క్లర్కు జీతం మొదటి పద్దులోవి. మీ తమ్ముడిని తీసుకురావాల్సిన ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుళ్ల జీతం, వ్యాను డీజిలు రెండో పద్దులోవి. జైల్లో తిండి, వైద్యం మూడో పద్దులోవి. కానిస్టేబుళ్లను ఏదో బందోబస్తుకు పంపిన రోజున పోలీసు పద్దు మీద కొత్త భారమేమీ పడదు. పధ్నాలుగు రోజుల తర్వాతకు వాయిదా పడితే ఆ పధ్నాలుగు రోజుల తిండి ఖర్చు జైళ్ల పద్దు మీద పడుతుంది, సాక్షి కోసం కేటాయించిన కోర్టు సమయం వృథా అవుతుంది. శాఖలు ఎవరి ప్రతిపాదనలు అవి విడివిడిగా ఆర్థికశాఖకు పంపుతాయి కాబట్టి ఈ మూడింటినీ కలిపి చూసే వారుండరు. మీరు పోగొట్టుకున్న కూలి అయితే ఏ పద్దులోనూ కనిపించదు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇది మీ ఒక్కరి కష్టం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ల సామర్థ్యం 4,36,266 కాగా ఖైదీలు 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది నేరం ఇంకా రుజువు కానివారే. అంటే శిక్ష పడినవారిని ఉంచడానికని మనం అనుకునే జైళ్ల ఖర్చులో ఎక్కువ భాగం, నిజానికి తీర్పు ఆలస్యమైనందుకు చెల్లిస్తున్న ఖర్చు. వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి కోసం కూల్చి, ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్లకు తరలించారు. ఆసుపత్రి అవసరమే, కాదనను. కానీ జైలు దూరమైతే ఎస్కార్ట్ దూరం, ములాఖత్ దూరం రెండూ పెరుగుతాయి. జైలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేటప్పుడే ఆ లెక్క కూడా వేయాలి.

బడ్జెట్ పుస్తకం చేతికొస్తే కేటాయింపు అంకె ఒక్కటే చూసి ఆగవద్దు. దాని పక్కనే సవరించిన అంచనా, అంతకు ముందటేడాది వాస్తవ వ్యయం ఉంటాయి. కోర్టు భవనాల కోసం 1993-94 నుంచి అమల్లో ఉన్న కేంద్ర ప్రాయోజిత పథకంలో మన రాష్ట్రాల వాటా 40 శాతం. ఆ వాటా సకాలంలో విడుదల కాకపోతే కాంట్రాక్టరు బిల్లులు ఆగిపోతాయి, భవనం స్లాబు దగ్గరే నిలిచిపోతుంది. కేటాయింపు మాత్రం మరుసటి ఏడు పుస్తకంలో మళ్లీ కనిపిస్తుంది. పైగా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలని చెప్పి, అందుకు ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చింది. ల్యాబులు, నిపుణుల ఖర్చు కూడా ఇకపై ఈ పద్దుల మీదే పడుతుంది.

నిధులు లేవనే మాట కోర్టులో చెల్లదు. డబ్బు లేదనో, సిబ్బంది లేరనో చెప్పి సత్వర విచారణ బాధ్యత నుంచి రాష్ట్రం తప్పించుకోలేదని హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1979లోనే తేల్చింది. అదనంగా ఒక్క రూపాయి ఉంటే కొత్త జైలు గోడకు కాక, కోర్టు వాయిదాలకే ప్రత్యేకంగా ఉండే ఎస్కార్ట్ బృందానికి, న్యాయ సహాయానికి పెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: హైకోర్టు ఖర్చు మీద శాసనసభలో ఓటింగ్ జరగదట, నిజమేనా? అలాగైతే ఎమ్మెల్యేలు చేసేదేముంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: నిజమే. హైకోర్టు న్యాయమూర్తుల జీతభత్యాలను రాజ్యాంగం 202వ అధికరణం, హైకోర్టు పరిపాలనా వ్యయాన్ని 229వ అధికరణం నేరుగా రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ ఆదాయం చేరే ఖజానా) మీదే వేశాయి, అందుకే వాటిపై ఓటింగ్ ఉండదు. న్యాయమూర్తులు ప్రభుత్వం దయ మీద ఆధారపడకూడదన్నదే దాని ఉద్దేశం. చర్చకు మాత్రం 203వ అధికరణం అవకాశం ఇచ్చింది. జిల్లా, మేజిస్ట్రేట్ కోర్టులు, పోలీసు, జైళ్ల ఖర్చు గ్రాంట్ల డిమాండ్ల రూపంలో ఓటింగ్‌కు వస్తుంది, వాటిపై కోత తీర్మానాలు (కేటాయింపు తగ్గించాలని కోరేవి) ఇవ్వవచ్చు. కాబట్టి మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు, జైళ్ల డిమాండ్ చర్చకు వచ్చిన రోజున సభలో ఏం మాట్లాడారో అడగండి.