అచ్చం దానిలాంటిదే ఇంకొకటి కావాలంటే

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో మూడు రంగుల ఆడపిల్లి ఉంది. తెలుపు మీద నలుపు, నారింజ మచ్చలు. పేరు బుజ్జి. రెండేళ్లు దాటింది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా చేయించలేదు. చాలా ప్రేమగా ఉంటుంది. మా పాపకు జ్వరం వస్తే తగ్గేదాకా మంచం దిగలేదు. ఇలాంటిదే ఇంకొకటి కావాలని పాప ఒకటే పట్టు. తెలిసినవాళ్ల దగ్గర పర్షియన్ మగపిల్లి ఉంది. ఒక్కసారి క్రాసింగ్ చేయించి, ఒక కూనను ఉంచుకుని మిగతావి ఇచ్చేద్దామని నా ఆలోచన. తీసుకుంటామని ముగ్గురు ముందే చెప్పారు కూడా. మావారేమో దీన్ని కష్టపెట్టొద్దు, కావాలంటే ఇల్లు లేని పిల్లిని ఒకదాన్ని తెచ్చుకుందాం అంటున్నారు. ఆడపిల్లి ఒక్కసారైనా పిల్లల్ని పెడితేనే ఆరోగ్యంగా ఉంటుందని మా అత్తగారి మాట. అది ఎదకొచ్చినప్పుడల్లా రాత్రంతా అరుస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. బుజ్జికి క్రాసింగ్ చేయించకండి, ఆపరేషన్ చేయించండి. ఇంకో పిల్లి కావాలన్న కోరిక అప్పటికీ ఉంటే, బుజ్జి కోలుకున్నాక మీవారు చెప్పినట్టు చేయండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. పాపకు కూడా చదివి వినిపించండి.

మీ ఉత్తరమంతా ‘ఇలాంటిదే ఇంకొకటి’ అన్న మాట చుట్టూనే తిరుగుతోంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ క్రాసింగ్ వల్ల అది తీరదు. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రపంచంలోనే మొదటి క్లోనింగ్ పిల్లి పుట్టింది. ‘రెయిన్‌బో’ అనే మూడు రంగుల పిల్లి కణం నుంచి దాన్ని పుట్టించారు. ‘సీసీ’ అని పేరు పెట్టారు. జన్యువులన్నీ రెయిన్‌బోవే. అయినా సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటి కూడా లేదు! బొచ్చు నారింజా, నలుపా అని తేల్చే జన్యువు, కణంలో జన్యువులను మోసే పోగుల్లో ఒకటైన ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. బుజ్జి లాంటి పిల్లికి ఒకదాని మీద నారింజ, ఇంకోదాని మీద నలుపు ఉంటాయి. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణంలో ఏదో ఒక ఎక్స్ పనిచేయడం మానేస్తుంది. ఎక్కడ ఏది ఆగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. బుజ్జి మచ్చలన్నీ అలా పడినవే. సీసీని పుట్టించడానికి వాడిన కణంలో నారింజ ఎక్స్ ఆగిపోయి ఉంది, అంతే. మగవాటికి ఉండేది ఒకే ఎక్స్ కాబట్టి మూడు రంగుల మగకూన పుట్టడం చాలా అరుదు.

జన్యువులన్నీ కలిసిన పిల్లే పోలిక తెచ్చుకోలేదు. బుజ్జి కూనకు దాని దగ్గర్నుంచి వచ్చేది సగమే. మిగతా సగం ఆ పర్షియన్‌ది. పోనీ రంగు మాట వదిలేద్దాం, గుణమైనా వస్తుందా? కూనకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతులు, గొంతులు, ఇంటి చప్పుళ్లు ఎంత అలవాటైతే అది మనుషులకు అంత దగ్గరవుతుంది. తండ్రి స్వభావం కూడా కూనల ధైర్యం మీద పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఆ మగపిల్లి కొత్తవాళ్లను చూస్తే మంచం కిందికి దూరే రకమేమో కనుక్కున్నారా? పాప పక్కన పడుకునే గుణం బుజ్జికి పుట్టుకతో వచ్చినదాని కంటే మీ ఇంట్లో పెరిగి తెచ్చుకున్నదే ఎక్కువై ఉంటుంది. ఆ పెంపకం మీరు ఏ పిల్లికైనా ఇవ్వగలరు.

తీసుకుంటామన్న ఆ ముగ్గురు బహుశా పర్షియన్లకు ఉండే పొడవాటి బొచ్చును ఊహించుకుంటున్నారు. పొడవాటి బొచ్చు రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. బుజ్జిది పొట్టి బొచ్చయితే, దానిలో ఆ జన్యువు దాగి ఉంటే తప్ప, కూనలన్నీ పొట్టి బొచ్చుతోనే పుడతాయి. అప్పుడు వాళ్లలో ఎంతమంది మాట మీద ఉంటారో చెప్పలేం. ఒక కాన్పులో నాలుగైదు కూనలు పుట్టడం మామూలే. వాటిని పన్నెండు వారాల దాకా తల్లి దగ్గరే ఉంచడం మంచిది. ఆడకూనలు కొన్ని నాలుగైదు నెలలకే ఎదకొస్తాయి. తోడబుట్టినవని అవి ఆగవు. ఇక బుజ్జి సంగతి. పాలిస్తూ ఉండగానే పిల్లి మళ్లీ ఎదకు రాగలదు. ‘ఒక్కసారి’ అని మనం అనుకుంటే చాలదు.

ఇక ఆ మగపిల్లి. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటి తిత్తులు ఏర్పడే జబ్బు ఒకటి వంశపారంపర్యంగా వస్తుంది. చెడ్డ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, జబ్బు వస్తుంది. అది ఉన్న పిల్లి ఏళ్ల తరబడి చలాకీగానే తిరుగుతుంది, అందుకే యజమానికి అనుమానం రాదు. జన్యు పరీక్షతోనో, స్కానింగ్‌తోనో తెలుసుకోవచ్చు. రక్తం గ్రూపులు కూడా చూడాలి. పిల్లుల్లో ఎ, బి, అరుదుగా ఎబి ఉంటాయి. బి గ్రూపు తల్లికి ఎ గ్రూపు కూనలు పుడితే మొదటి రోజు ముర్రుపాలే వాటికి విషమవుతాయి. చక్కగా పుట్టి, చక్కగా పాలు తాగిన కూనలు ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోతాయి. పిల్లులకు వచ్చే ల్యుకేమియా వైరస్, ఎయిడ్స్ లాంటి ఎఫ్‌ఐవీ వైరస్ పరీక్షలు రెండు పిల్లులకూ జరగాలి. ఇవన్నీ చేయించి, రికార్డులు రాసుకుని, ఇచ్చిన కూన ఎన్నేళ్లకు వెనక్కి వచ్చినా తీసుకునే పెంపకందారులు ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవమే. ఇంట్లో ముద్దు కోసం ఒక్కసారి చేయించేవాళ్లలో ఈ పరీక్షలు అడిగినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు.

కాన్పు గురించి పాపకు కాస్త నెమ్మదిగా చెప్పండి. చాలా పిల్లులు ఎవరి సాయమూ లేకుండానే పిల్లల్ని పెట్టుకుంటాయి, నిజమే. అన్నీ అలా పెట్టలేవు. పర్షియన్‌లా ముఖం చదునుగా, తల వెడల్పుగా ఉండే జాతుల్లో కూన అడ్డం పడటం ఎక్కువ. తండ్రి పర్షియన్ అయితే కూనల తలలు తల్లికి ఎలా సరిపోతాయో ముందే తెలియదు. అరగంట సేపు గట్టిగా నొప్పులు పడుతున్నా కూన బయటికి రాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తేవాలి. నా దగ్గరికి ఒక రాత్రి ఏడాది పిల్లిని తెచ్చారు. పిల్లులు వాటంతట అవే పెట్టుకుంటాయని సాయంత్రం నుంచి ఎదురుచూశారట. కడుపు కోసి తీస్తే తల్లి ఒక్కతే దక్కింది. ఆ ఇంటి పిల్లవాడు బల్ల మీద కూర్చుని, కూనలకు పెట్టబోయే పేర్లు రాసుకున్న కాగితాన్ని మడిచి మడిచి చిన్నది చేస్తున్నాడు. వాడితో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు వాడే గుర్తొస్తాడు.

మీ అత్తగారు ఆ మాట బుజ్జి మీద ప్రేమతోనే అంటున్నారు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అదే నమ్ముతారు. కానీ ఒక కాన్పు వల్ల పిల్లికి ఒరిగే ఆరోగ్యం ఏదీ లేదు. ఏడాది లోపు ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. పిల్లుల్లో రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ గడ్డలే. బుజ్జికి రెండేళ్లు దాటాయి కాబట్టి ఆ లాభం చాలావరకు చేజారింది. గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికొచ్చే జబ్బు మాత్రం ఆపరేషన్‌తో ఇక రాదు. అది ఒక్కటి చాలు నా దృష్టిలో.

ఆ అరుపులకూ మందు ఇదే. ఎద వారం రోజుల దాకా ఉంటుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ మొదలవుతుంది. పగలు పొడవుగా ఉండే కాలంలో ఇది ఎక్కువ. ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వెలుగుతుంటే ఏడాది పొడవునా సాగుతుంది. ఎద ఆపే హార్మోన్ మాత్రలు ఎవరైనా చెబితే, డాక్టరును అడగకుండా వేయకండి. వాటివల్ల గర్భసంచి జబ్బులు, రొమ్ము గడ్డలు, షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. ఒక ఎద తగ్గి మరొకటి మొదలుకాని రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుంటే రక్తస్రావం తక్కువ. కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత తిండి కాస్త తగ్గించండి, ఒళ్లు త్వరగా వస్తుంది.

ఇప్పుడు రెండో పిల్లి. నా సలహా, కూన వద్దు, ఏడాది రెండేళ్లు నిండినదాన్ని చూడండి. పెద్దదాని గుణం ఏమిటో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, మీరు కోరుకుంటున్నది గుణమే కదా. దాన్ని సాకుతున్నవాళ్లను అడగండి: వేరే పిల్లులతో కలిసి తింటుందా, చిన్నపిల్లలు ఎత్తుకుంటే ఊరుకుంటుందా, కొత్తవాళ్లు వస్తే దాక్కుంటుందా? పాపను తీసుకెళ్లి ఓ గంట కూర్చోండి. వైరస్ పరీక్షలు, టీకాలు, ఆపరేషన్ అయ్యాయో లేదో కాగితాలు చూడండి. ఇంటికి తెచ్చాక కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. గజ్జి, చెవి పురుగులు, జలుబు ఉంటే ఆ లోపు బయటపడతాయి. ఒకదాని పడక గుడ్డ రెండోదాని దగ్గర వేసి వాసన అలవాటు చేయండి. తర్వాత తలుపుకి అటొకటి ఇటొకటి తిననివ్వండి. మలవిసర్జన ట్రేలు రెండు పిల్లులకు మూడు ఉండాలి. తొందరపడి మొదటి రోజే ఎదురెదురుగా పెడితే మొదలైన పగ నెలలు సాగుతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రెండేళ్లు ఒంటరిగా రాజ్యమేలిన పిల్లికి తోడు నచ్చకపోవచ్చు. అందుకే వీలైతే ముందు కొన్నాళ్లు సాకడానికి మాత్రమే తెచ్చుకోండి, పొత్తు కుదిరితే ఉంచుకోండి. ఆ ముగ్గురి ఫోన్ నంబర్లు మాత్రం పారేయకండి. పిల్లికి చోటివ్వడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇప్పటికే పుట్టి, ఇల్లు లేక ఎదురుచూస్తున్న మూడు కూనలకు ఆ మూడు ఇళ్లూ చూపించండి.

ప్రశ్న: మా పిల్లి బయటికి వెళ్లి చూడితో వచ్చింది. పొట్ట బాగా కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఈ వారమే డాక్టరుకు చూపించండి బాబూ. పిల్లి మోసేది సుమారు తొమ్మిది వారాలు. తొలి రోజులైతే ఆపరేషన్‌తో ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. నెలలు నిండుతుంటే కననివ్వడమే మంచిది. మామూలు తిండికి బదులు కూనలకు పెట్టే తిండి పెట్టండి, అందులో బలం ఎక్కువ. టీకాలు, నులిపురుగుల మందు మీ అంతట మీరు వేయొద్దు. పుట్టాక కూనల్ని రోజూ తూకం వేయండి. వంద గ్రాముల దగ్గర పుట్టిన కూన రోజుకు పది గ్రాములకు తగ్గకుండా పెరగాలి. ఒక్కరోజు పెరగకపోయినా ఫోన్ చేయండి. కూనలు పాలు మరిచాక తల్లికి ఆపరేషన్ చేయించాలి, అప్పటిదాకా గడప దాటనివ్వకండి.

ప్రశ్న: మాది గండుపిల్లి. కూనలు ఎలాగూ మా ఇంట్లో పుట్టవు. దానికి ఆపరేషన్ ఎందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: అవి వేరే ఇంటి అటక మీదో, గోడ పక్కనో పుడతాయమ్మా. తండ్రి మీ పిల్లే. ఒకే కాన్పులోని కూనలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండటం పిల్లుల్లో మామూలు, అంటే ఒక్కో ఎదకు ఎన్ని గండుపిల్లులు కొట్టుకుంటాయో ఊహించండి. ఎఫ్‌ఐవీ ఎక్కువగా పాకేది ఆ కాట్ల వల్లే. చీము గడ్డలు కట్టి నా దగ్గరికొచ్చే మగపిల్లుల్లో ఆపరేషన్ కానివే ఎక్కువ. ఆపరేషన్ అయితే ఊరి మీద తిరగడం, గోడల మీద మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి. ఒకటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన వెంటనే దాన్ని ఆడపిల్లుల మధ్య వదలకండి. నాళాల్లో మిగిలిన వీర్యంతో కొన్ని వారాల పాటు చూడి నిలిచే అవకాశం ఉంటుంది. నెలన్నర దాకా ఇంట్లోనే ఉంచండి.