మస్కట్ నుంచి కోటిపల్లి రేవు దాకా: మేనల్లుడికి ప్రయాణ సలహాలు

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

కార్తీక మాసంలో మీ అమ్మను వెంటబెట్టుకొని వచ్చి, కోటిపల్లిలో గోదావరి స్నానం చేయించి, పంటు (జనాన్నీ వాహనాలనూ నది దాటించే పడవ) మీద ముక్తేశ్వరం రేవుకు దాటి అమలాపురం చేరాలనుకుంటున్నావని, టికెట్లు ఎలా తీసుకోవాలో చెప్పమని రాశావు. ఉద్యోగమంతా విమానాల వేళలు కుదిర్చే పనిలోనే గడిచింది కనుక, వేళ అంటూ లేని రేవును కూడా కలుపుకొని ఈ ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మస్కట్ నుంచి రాజమండ్రికి నేరుగా విమానం ఎందుకు లేదని అడిగావు. రాజమండ్రి విమానాలు దిగే మధురపూడి దేశీయ విమానాశ్రయం కావడం ఒక కారణం, అసలు కారణం లెక్క. ఏ సంస్థయినా కొత్త మార్గం వేసే ముందు, రెండు ఊళ్ల మధ్య రోజూ ఎంతమంది తిరుగుతారు, ఎంత ధర పెట్టగలరు, తిరుగు ప్రయాణంలో కూడా సీట్లు నిండుతాయా అని చూస్తుంది. ఎ320 రకం విమానంలో దాదాపు 180 సీట్లుంటాయి. మన కోనసీమవాళ్లు గల్ఫ్‌లో ఎందరున్నా మస్కట్, దుబాయ్, కువైట్, దోహాల్లో తలో చోట ఉన్నారు కాబట్టి ఒక్క ఊరి నుంచి రోజూ అంతమంది దొరకరు. అందుకని వాళ్లందరినీ హైదరాబాద్‌లో దించి, అక్కడి నుంచి ఒకే విమానంలో ఇటు పంపుతారు. ఇరవై ఊళ్లను ఒక కూడలికి కలిపితే ఇరవై మార్గాలు చాలు. అదే ఆ ఊళ్లన్నిటినీ ఒకదానికొకటి నేరుగా కలపాలంటే 190 మార్గాలు కావాలి. ప్రయాణికుడు కూడలిలో పడే విసుగు సంస్థ లెక్కలోకి రాదనుకో, అది వేరే సంగతి.

ఆ విసుగుకు సిద్ధపడే టికెట్ తీసుకో. రెండు అంచెలూ ఒకే టికెట్ మీద ఉండాలి; విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం నీదే అవుతుంది. హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్ ముగించుకొని, సామాను తీసుకొని, కస్టమ్స్ దాటి, ఆ సామానును మళ్లీ అప్పగించాలి కాబట్టి, పెద్దావిడతో వస్తున్నవాడివి మధ్యలో నాలుగు గంటలైనా ఉంచుకో. ఒకే విమానం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఊరూరా తిరుగుతుంది. ఒక చోట జరిగిన ఆలస్యం తరవాతి ఊళ్లకు పాకుతుంది. కాబట్టి వీలైతే మధురపూడికి ఉదయపు విమానమే ఎంచుకో. అది ఏటీఆర్ (ప్రొపెల్లర్ల చిన్న విమానం) అయితే మరీ మంచిది, రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి గనుక కిందనున్న గోదావరి అడ్డం లేకుండా కనిపిస్తుంది.

ఇంకొక మెలిక ఉంది. విమానాల శీతకాలపు వేళలు అక్టోబర్ ఆఖరి ఆదివారం నుంచి అమల్లోకి వస్తాయి. కార్తీకం తరచు ఆ తేదీకి అటూ ఇటూగా మొదలవుతుంది. ముందుగా కొన్న టికెట్ మీది సమయం ఆ తరవాత కూడా అదేనా అని బయలుదేరే ముందు మరోసారి చూసుకో.

ఇక రేవు సంగతి. పంటు నిండాక కదులుతుంది, అవతలి ఒడ్డున జనం ఎక్కాక తిరిగి వస్తుంది. రేవు నడిపే హక్కును వేలంపాటలో పాడుకున్నవాడు నూనె ఖర్చు చూసుకోవాలి కదా. కార్తీక సోమవారాల్లో కోటిపల్లి సోమేశ్వరుడి భక్తులతో రేవంతా కిక్కిరిసి ఉంటుంది, కనుక స్నానానికి మరో రోజు చూసుకోమని మీ అమ్మకు నచ్చజెప్పు, వినకపోతే తెల్లవారకముందే అక్కడ ఉండండి. కారును పంటు ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసిన బల్లలు తడిసి జారుతుంటాయి, బురద అంటిన చక్రం ఒక్కోసారి పక్కకు తొలగుతుంది. అమ్మను ముందే దించి, చెయ్యి పట్టుకొని నడిపించు. కారు ఎక్కాక హ్యాండ్ బ్రేకు వేయించి, డ్రైవరును కూడా దిగమను, నది దాటే దాకా ఎవరూ కారులో కూర్చోవద్దు. లైఫ్ జాకెట్ అడిగి తీసుకొని వేసుకోండి, మొహమాటం వద్దు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన సంగతి నీకు తెలియనిది కాదు. కోటిపల్లి దగ్గర గోదావరి పాయ గౌతమి బాగా వెడల్పు, లంకల మీది చెట్లు, ఇసుక తిప్పలు చూస్తూ నిలబడితే మీ అమ్మకు చిన్నప్పటి కబుర్లన్నీ గుర్తుకొస్తాయి.

కార్తీకం రోజులు తుపానుల కాలం కూడా. 1996 నవంబర్ 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను ఇదే కాలంలో వచ్చింది. గాలి లేస్తే పంటు ఆపేస్తారు, వాళ్లను బతిమాలవద్దు. వెనక్కి తిరిగి రావులపాలెం మీదుగా వచ్చెయ్యి.

తిరుగు ప్రయాణం రోజున మాత్రం రేవు ఊసే ఎత్తవద్దు. విమానం బయలుదేరే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టుకో: కౌంటరు గంట ముందే మూసేస్తారు, దానికి మరో గంట ముందు నువ్వు మధురపూడిలో ఉండాలి, అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా వచ్చే దారికి లారీల రద్దీ కలిపి మూడు గంటలు పెట్టుకో.

టికెట్లు కొన్నాక హైదరాబాద్‌లో, మధురపూడిలో దిగే వేళలు రెండూ రాసి పంపు. కారు నేను మాట్లాడి ఉంచుతాను, పంటు నడుస్తోందో లేదో ముందు రోజు సాయంత్రం ముక్తేశ్వరం రేవులో కనుక్కొని నీకు ఫోను చేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య, అమలాపురం